కారు బీమా : వాహన యజమానులు తెలుసుకోవలసిన నియమాలు

బొగ్గు లారీలు, బస్సులు, ద్విచక్ర వాహనాలు, పాదచారులు ఒకే దారిని పంచుకొనే ప్రాంతం మనది. చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పండుగలకు, శుభకార్యాలకు మంచిర్యాల, కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ వైపు సొంత కార్లలో రాకపోకలు సాగిస్తుంటాయి. మార్గమధ్యంలో ప్రమాదం జరిగి, ఆనాటికి బీమా చెల్లుబాటులో లేకపోతే, బాధితులకు చెల్లించవలసిన పరిహారం యజమాని ఆస్తిపాస్తుల మీదనే పడుతుంది. కావున ఈ క్రింది విషయాలను ప్రతి వాహన యజమాని గ్రహించడం అవసరం.

చట్టం విధించిన కనీస బీమా

1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేనిదే వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపరాదు. ఒప్పందంలో మొదటి పక్షం యజమాని, రెండవ పక్షం బీమా సంస్థ, మూడవ పక్షం ఆ వాహనం వలన నష్టపోయిన ఇతరులు. బీమా లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయలు, మరల పట్టుబడితే 4,000 రూపాయలు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలుశిక్ష, లేదా రెండూ విధించవచ్చు.

ఈ బీమా ఇతరుల మరణానికి, గాయాలకు, ఆస్తినష్టానికి వర్తిస్తుంది. ప్రైవేటు కార్ల విషయంలో ఆస్తినష్టానికి పరిమితి సాధారణంగా 7.5 లక్షల రూపాయలు. మరణానికి, గాయాలకు ఎంత పరిహారం చెల్లించాలో మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ నిర్ణయిస్తుంది. అయితే ఈ పాలసీ మన కారు మరమ్మతుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. మన కారులో ప్రయాణించే బంధుమిత్రులకు కూడా ఇది సాధారణంగా వర్తించదు.

సమగ్ర బీమా

ఢీకొనుట, దొంగతనం, అగ్నిప్రమాదం, వరద వంటి కారణాలతో సొంత కారుకు కలిగే నష్టం సమగ్ర బీమాలో చేరుతుంది. తాడోబా పరిసర మార్గాలలో అడవి జంతువు అడ్డువచ్చి కారు దెబ్బతిన్నా ఇదే ఆదుకొంటుంది. ఇరై నది పొంగి కారు నీట మునిగినప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. నీటిలో నిలిచిన కారును స్టార్ట్ చేయుటవలన ఇంజను చెడితే, ఇంజను రక్షణకు ప్రత్యేకంగా అదనపు ప్రీమియం కట్టనివారికి ఆ నష్టం చెల్లించడానికి సంస్థలు నిరాకరించవచ్చు. అట్టి కారును స్టార్ట్ చేయక, తోలించి వర్క్‌షాపుకు చేర్చడమే శ్రేయస్కరం.

2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవలసి ఉన్నది. దీనిని చూసి మూడేళ్లూ అన్నిటికీ రక్షణ ఉన్నదని అనేకులు భావిస్తారు. సొంత నష్టపు భాగం చాలా పాలసీలలో ఒక సంవత్సరానికే ముగుస్తుంది. పత్రంపై రెండు గడువు తేదీలను విడివిడిగా చూసుకోవాలి. సమగ్ర బీమా గడువు తీరిన 90 రోజులలోగా నవీకరించకపోతే, క్లెయిములు లేనందున లభించిన నో క్లెయిమ్ బోనస్ రద్దవుతుంది.

తెలంగాణ నుండి కొన్న పాత కారు

బంధువుల వద్ద కారు కొని, పేరు మార్పించకుండా నడపడం మన ప్రాంతంలో తరచుగా కనిపించే పొరపాటు. అమ్మినవారి పేరు రిజిస్ట్రేషన్‌లో ఉన్నంతకాలం ప్రమాద బాధ్యత చట్టప్రకారం వారిని వెన్నాడుతుంది. కొన్నవారికి సొంత నష్టపు క్లెయిము దొరకడం కష్టమవుతుంది. యాజమాన్యం మారిన 14 రోజులలోగా బీమా సంస్థకు తెలిపి, పాలసీని తమ పేరున మార్పించుకోవాలి. ఇతర రాష్ట్రపు కారును ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచదలచినవారు, అక్కడి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడ ఎం.హెచ్. 34 సంఖ్యకు దరఖాస్తు చేసుకోవాలి.

ప్రమాదం జరిగినప్పుడు

మొదట క్షతగాత్రులకు చికిత్స అందేటట్లు చూడాలి. అత్యవసర సంఖ్య 112. 2025లో ప్రకటించిన కేంద్ర పథకం క్రింద గుర్తింపు పొందిన ఆసుపత్రులలో బాధితులకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేరకు నగదు రహిత చికిత్స లభిస్తుంది. అటుపిమ్మట పోలీసులకు, బీమా సంస్థకు ఆలస్యం లేకుండా తెలియజేయాలి. కారును కదల్చకముందే ఛాయాచిత్రాలు తీయాలి. సర్వేయరు పరిశీలించకముందు మరమ్మతు చేయించరాదు. రోడ్డుపైనే డబ్బిచ్చి రాజీ కుదుర్చుకొన్నంత మాత్రాన బాధ్యత తీరదు.

లైసెన్సు లేనివారు, మద్యం సేవించినవారు నడిపినా, ప్రైవేటు కారును కిరాయికి త్రిప్పినా సొంత నష్టపు క్లెయిము తిరస్కరణకు గురికావచ్చు. అట్టి సందర్భాలలో బాధితులకు చెల్లించిన సొమ్మును సైతం సంస్థ యజమాని నుండి తిరిగి వసూలు చేయుటకు అవకాశమున్నది.

ఢీకొట్టి పారిపోయిన వాహనం ఆచూకీ దొరకకపోతే మృతుని కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50,000 రూపాయలు పరిహారం పొందే హక్కు చట్టం కల్పించింది. ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయుటకు చట్టంలో ఆరు నెలల గడువు పేర్కొనబడినందున, బాధిత కుటుంబాలు జాప్యం చేయక న్యాయసహాయం పొందవలెను.