మనోవ్యాధి – వంశము – నాడీకణము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతములలో పెండ్లి సంబంధము చూచునపుడు పెద్దలు చాటుగా విచారించు సంగతి యొకటి కలదు: ఆ యింట మతి చలించినవారు ఎవరైన ఉన్నారా? ఉన్నారని తెలిసినచో మాట అక్కడనే ఆగిపోవును. మేనమామ జబ్బునకు మేనకోడలు శిక్ష అనుభవించును. జబ్బునకు కారణమేమని అడిగినచో మాత్రము తెలుగువారి యింట గాలి సోకినదందురు, ఉర్దూ మాటలాడు ఇంట అసర్ అయినదందురు. గాలియే కారణమైనచో వంశమును శంకించుట ఎందులకో!

వంశముతో కొంత సంబంధమున్న మాట నిజమే. ఎంత అన్నదే ప్రశ్న. స్కిజోఫ్రీనియా అను తీవ్రమైన మనోవ్యాధి ప్రజలలో ఇంచుమించు 100కి ఒకరికి వచ్చును. తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నచో బిడ్డలలో 100కి సుమారు 10 మందికి రావచ్చును. తక్కిన 90 మందికి రాదు. మేనమామ వరకు పోయినచో ఆ లెక్క ఇంకను తగ్గును. ఒకే పిండమునుండి పుట్టిన కవలలకు జన్యువులన్నియు ఒక్కటే. అట్టివారిలోనైనను ఒకరికి వచ్చినంత మాత్రమున రెండవవారికి వచ్చి తీరునన్న నియమము లేదు.

2022లో వెలువడిన ఒక మహా పరిశోధనలో 76,755 మంది రోగుల జన్యువులను, ఆ వ్యాధి లేని 2,43,649 మంది జన్యువులతో పోల్చి చూచిరి. వ్యాధితో సంబంధమున్న తావులు 287 బయటపడినవి. ఒక్కొక్కదాని పాలు అత్యల్పము. శరీరములోని కణములన్నిట ఉన్న జన్యుగ్రంథము ఒకటే. ఏ కణము ఏ పుటలు చదువుచున్నదన్నదే భేదము. ఈ తావులలోని జన్యువులు ముఖ్యముగా మెదడులోని నాడీకణములు చదువు పుటలలో కనబడినవి. వానిలో పెక్కు ఒక నాడీకణము మరియొకదానికి వార్త నందించు సంధిస్థానమునకు చెందినవి. కాలేయము, మూత్రపిండము మొదలగువాని కణములలో అట్టి జాడ కానరాలేదు.

అయితే బ్రతికియున్న రోగి మెదడును కోసి చూడలేము గదా. జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాకా 2006లో ఎలుక కణములను, 2007లో మనిషి చర్మకణములను మూలకణములుగా మార్చి మార్గము చూపెను; 2012లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. ఆ మూలకణములను పాత్రలో పెంచి నాడీకణములుగా చేయవచ్చును. 2015లో అమెరికాలోని సాక్ సంస్థ ఆధ్వర్యమున బైపోలార్ రోగుల కణములనుండి అట్లు చేసిన నాడీకణములు అతిగా ఉద్రేకించుచుండెను. లిథియం మందు వేయగా, ఆ మందు ఏ రోగులకు పనిచేసినదో వారి కణములే శాంతించినవి! ఏ రోగికి ఏ మందు పడునో ముందుగా తెలియగల దినము రావచ్చునన్న ఆశ దీనివలననే కలుగుచున్నది.

మనకొక లోటు ఉన్నది. లోకములో చేరిన జన్యు సమాచారములో అధికభాగము ఐరోపా సంతతివారిది. మన దేశమున అనేక సమూహములు తరతరములుగా తమలో తామే వియ్యమందుటచే ప్రత్యేక జన్యులక్షణములు నిలిచినవని 2009లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అమెరికా వారితో కలిసి చూపిరి. కనుక పరుల పట్టిక మనకు పూర్తిగా సరిపడదు. బెంగుళూరులో నిమ్హాన్స్, ఎన్.సి.బి.ఎస్. సంస్థలు కలిసి 2016లో ఆరంభించిన కార్యక్రమము, ఒకే కుటుంబమున పలువురికి మనోవ్యాధి ఉన్నవారిని ఎన్నుకొని, వారి రక్తమునుండి మూలకణములు పెంచి పరిశీలించుటకు పూనుకొన్నది.

ఫలానా పిల్లకు ఈ వ్యాధి వచ్చునని గాని రాదని గాని తేల్చి చెప్పగల రక్తపరీక్ష నేటికిని లేదు. వ్యాధికి మందులున్నవి, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమున్నది. అంతదూరము పోలేనివారు 2022లో నెలకొల్పిన టెలి మానస్ 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును.