దేశం మారితే డ్రైవింగ్ చరిత్ర చెరిగిపోతుందా?

హైదరాబాద్‌లో పదేళ్లుగా కారు నడుపుతున్నారు. ఒక్క క్లెయిమ్ కూడా లేదు. ఉద్యోగం వచ్చి టొరంటో వెళ్లారు. అక్కడ ఇన్సూరెన్స్ అడిగితే నిన్నగాక మొన్న స్టీరింగ్ పట్టినవాళ్లకు చెప్పినంత ప్రీమియం చెబుతారు! ‘నేను జాగ్రత్తగా నడుపుతానండీ’ అంటే నమ్మరు. మన క్లెయిముల లెక్కలు అక్కడి కంపెనీల కంప్యూటర్లలో కనిపించవు మరి. వాళ్లకు కాగితం కావాలి.

బయల్దేరే ముందే...

మన దగ్గర క్లెయిమ్ లేని ఏడాదికి 20 శాతంతో మొదలై 25, 35, 45, అయిదేళ్లకు 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12 వేలుంటే అందులో 6 వేలు మిగిలినట్టే. ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. కారు అమ్మేశాక కంపెనీకి అర్జీ పెట్టి, అమ్మకం కాగితాలిచ్చి ‘ఎన్‌సీబీ రిటెన్షన్ లెటర్’ తీసుకోండి. మూడేళ్లలోపు ఇక్కడ మళ్లీ కారు కొంటే అది పనికొస్తుంది.

దాంతోపాటు ఎన్నేళ్లు పాలసీ ఉంది, ఎన్ని క్లెయిములు చేశారు అన్న వివరాలతో లెటర్‌హెడ్ మీద ఇంగ్లిష్‌లో ఓ ఉత్తరం అడగండి. పాత పాలసీ కాపీలు, లైసెన్సుకు రెండు వైపులా ఫొటోలు దాచుకోండి. లైసెన్సు మొదట ఎప్పుడిచ్చారో తెలిపే ధ్రువపత్రాన్ని ఆర్టీఏ ఆఫీసులో తీసుకోండి. అక్కడికెళ్లాక ఇవన్నీ తెప్పించుకోవడం ఇంట్లో పెద్దవాళ్లకు పెద్ద తిరుగుడు.

అక్కడ దిగాక...

ఒంటారియోలో రెండేళ్లకు పైగా అనుభవం ఉందని రుజువు చూపితే నేరుగా ‘జీ’ రోడ్డు పరీక్షకు వెళ్లే వీలుంది. అయితే లైసెన్సు వచ్చినంత మాత్రాన ఇన్సూరెన్స్ తగ్గుతుందని కాదు. విదేశీ అనుభవాన్ని కొన్ని కంపెనీలు లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. అందుకే ఒక్కచోట కాదంటే ఆగిపోకుండా నాలుగైదు చోట్ల కనుక్కోండి. బ్రోకర్‌ని ‘ఇండియా అనుభవాన్ని ఒప్పుకునే కంపెనీ ఏది?’ అని సూటిగా అడగండి.

తిరిగి వచ్చేవాళ్లకు...

విదేశంలో సంపాదించిన నో క్లెయిమ్ బోనస్‌కూ మన దేశంలో విలువ ఉంది. అక్కడి పాలసీ ముగిసిన మూడేళ్లలోపు ఇక్కడ పాలసీ తీసుకుని, ఆ కంపెనీ ఇచ్చిన ఉత్తరం చూపాలి. ఈ సంగతి తెలియక చాలామంది అడగనే అడగరు.

లేని బోనస్ ఉందని మాత్రం రాసివ్వకండి. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి తెలుసుకుంటుంది. అబద్ధమని తేలితే మీ కారుకు జరిగిన నష్టానికి పరిహారం రాదు. వేలల్లో మిగులుతుందనుకుంటే లక్షల్లో పోతుంది.

వీసా, టికెట్లు, పచ్చళ్లతోపాటు ఈ ఫైలూ సూట్‌కేసులో పెట్టుకోండి. బరువు తక్కువ, విలువ ఎక్కువ!