బడి ఆవరణలో పండ్ల చెట్లు

మామిడిగొంది, తోటగొంది, దేవరగొంది. పోలవరం దగ్గర ప్రాజెక్టు కట్టేచోట ఉండిన ఊళ్ల పేర్లివి. ఒక పేరులో మామిడి ఉంది, ఇంకొక పేరులో తోట ఉంది. ఆ ఊళ్లవారు అందరికంటె ముందుగా ఖాళీచేసి పునరావాస కాలనీలకు వెళ్లారు. ఇల్లు పోతే మళ్లీ కట్టుకోవచ్చును. చింతచెట్టు పోతే? పరిహారం సొమ్ముతో మొక్కను కొనగలము గాని, తాత నాటిన చెట్టును కొనలేము. కొండరెడ్ల పిల్లలకు, కోయ పిల్లలకు బజారు పండుకంటె చెట్టు మీది పండే ఎక్కువ తెలుసు. కొత్త కాలనీలో ఆ చెట్టు నీడ ఎక్కడిది?

అందుచేత బడి ఆవరణను గూర్చి ఆలోచిద్దాము. ప్రతి బడిలోను పోషకాహార తోట ఉండాలని 2019లో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. చోటు లేకపోతే డబ్బాలలోనైనా పెంచమన్నది. ఆకుకూర మడులు మంచివే. అయితే పిల్లలు కాచుకొని కూర్చునేది పండు కోసమే గదా!

ఏ చెట్టు నాటాలి? మామిడి అని అందరూ అంటారు. కాని మామిడి పండేది మే నెలలో. బడికి ఏప్రిల్ ఆఖరున సెలవులిస్తే మళ్లీ తెరిచేది జూన్‌లో. పిల్లలు నీళ్లు పోస్తారు, కాయలు దారినపోయేవారు తింటారు. జీడిమామిడి కాపూ ఎండాకాలమే. జామ అలాకాదు. అంటు జామ రెండు మూడేళ్లకే కాపుకు వస్తుంది, వానాకాలంలోను చలికాలంలోను కాస్తుంది. ఆరవ తరగతిలో నాటిన పిల్ల ఎనిమిదిలో కోసుకుంటుంది. బొప్పాయి ఏడాది తిరిగేసరికి కాస్తుంది. సీతాఫలం మన్యానికి కొత్తది కాదు. అంట్ల కోసం దూరం పోనక్కరలేదు, రాజమండ్రి పక్కనే కడియం నర్సరీలున్నవి.

పండు ఎక్కువైతే నిలవచేయడం మన జిల్లాలకు ఎవరూ నేర్పనక్కరలేదు. గోదావరి దిగువన ఆత్రేయపురంలో పూతరేకులతోబాటు మామిడి తాండ్రకూ పేరున్నది. రసం తీసి, వడకట్టి, తీపి కలిపి, చాప మీద పలుచగా పోసి ఎండబెడతారు. అది ఆరిన తరువాత దాని మీద మరొక పొర. ఇలా పొరమీద పొర, రోజుల తరబడి. మామిడి ఉన్న ఇండ్లలో సెలవులకు పిల్లలు ఇది చూచి నేర్చుకోవచ్చును. బడి జామపండ్లనూ గింజలు పోయేలా వడకట్టి, పంచదారతో దగ్గరగా ఉడికించి, నెయ్యి రాసిన పళ్లెంలో ఆరబెడితే ముక్కలు కోయవచ్చును. పొయ్యి దగ్గర మాత్రం పెద్దలే ఉండాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లలకు పని నేర్పడం వేరు, పిల్లలచేత పని చేయించుకోవడం వేరు. జీడిపిక్కల పెంకులోని జీడి తగిలితే చర్మం పొక్కుతుంది. ఆ పని పిల్లలకు వద్దు. పాఠం మానిపించి కాయలు కోయించడమూ వద్దు. కోసినవి ముందు పిల్లల మధ్యాహ్న భోజనంలోకి రావాలి, మిగిలితేనే అమ్మకం. కోతపండుగనాడు సంఘంలో వేలం వేసే బుట్టలలో బడిపిల్లల జామబుట్ట ఒకటి ఉంటే పాడుకొనేవారు తక్కువపడరు.

అసలు చిక్కు మొదటి వేసవి. బడి మూసిన ఆ ఏడు వారాలలోనే మొక్కలు ఎండిపోతాయి. బడికి దగ్గరలో ఉన్న కుటుంబాలు ఇంటికొక మొక్క చొప్పున పంచుకోవాలి. మొక్క పక్కన అడుగున సన్నని చిల్లి పెట్టిన పాత కుండను పాతి, నింపి, మూత వేస్తే నీరు నెమ్మదిగా వేళ్లకు దిగుతుంది. మేకలు రాకుండా చుట్టూ కంప వేయడం మరువకండి.