నిప్పులు మోసే గొట్టాలు

ఇంజిన్‌ వదిలే పొగంటే పనైపోయిన సరుకే అనుకుంటాం. టర్బో కారు అలా అనుకోదు. ఆ పొగతోనే ఓ చక్రాన్ని తిప్పి మరింత శక్తిని రాబడుతుంది. సిలిండర్ల నుంచి ఆ చక్రం దాకా పొగను మోసుకెళ్లేవే హెడర్లు. కొలిమిలో ఇనుములా ఎర్రగా కాలుతూ, టర్బో బరువు మోస్తూ, క్షణం తీరిక లేకుండా అదిరే ఈ స్టీలు గొట్టాల్ని చేత్తో తయారుచేయడం ఓ విద్య. అందులో కంటికి కనిపించే పనికన్నా కనిపించని పనే ఎక్కువ!

పెట్రోలు మండితే పుట్టే శక్తిలో సుమారు మూడో వంతు సైలెన్సర్‌ దారిన వేడిగా బయటికి పోతుంది. దాన్ని ఒడిసిపట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. స్విట్జర్లాండ్‌ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్‌ బ్యూకి 1905లోనే దీనిమీద పేటెంట్‌ తీసుకున్నాడు. పొగ వేగానికి టర్బైన్‌ తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనాన్నీ ఎక్కువ మండించవచ్చు. చిన్న ఇంజిన్‌తోనే పెద్ద ఇంజిన్‌ పని జరిగిపోతుందన్నమాట!

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్‌ జెట్‌ఫైర్‌, షెవర్లే కోర్వేర్‌ కార్లు టర్బోతో మార్కెట్లోకి వచ్చాయి. 1977లో రెనో సంస్థ ఫార్ములా వన్‌ పందేల్లోకి టర్బో కారును దించితే, అది మాటిమాటికీ తెల్లగా పొగ చిమ్ముతూ ఆగిపోయేది. పసుపు రంగు టీ కెటిల్‌ అంటూ అందరూ ఎగతాళి చేశారు. 1979లో ఫ్రెంచ్‌ గ్రాండ్‌ప్రి గెలిచాక ఆ నవ్వులు ఆగిపోయాయి. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే డీజిల్‌ కార్లలో దాదాపు అన్నింటికీ టర్బో ఉంటుంది.

పోత ఇనుము చాలదా?

మామూలు కార్లకు కంపెనీలు ఎక్కువగా పోత ఇనుముతో చేసిన పొట్టి మానిఫోల్డ్‌నే బిగిస్తాయి. చవక, గట్టి, ఏళ్ల తరబడి మన్నుతుంది. రోజూ ఆఫీసుకెళ్లే కారుకు అంతకన్నా అక్కర్లేదు కూడా. పందేల కారు సంగతి వేరు. పెద్ద టర్బో పెట్టాలంటే పాత మానిఫోల్డ్‌కు అది అమరదు. ఓ సిలిండర్‌కు దారి దగ్గరగా, మరోదానికి దూరంగా ఉంటే పొగ టర్బైన్‌ను సమానంగా తాకదు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్లు చాలావాటిలో 1-3-4-2 వరసలో మంట పుడుతుంది. ఇంజిన్‌ అర చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్కో సిలిండర్‌ పొగ వదులుతుంది. అది నీటి ధారలా రాదు, గుండె కొట్టుకున్నట్టు తెరలు తెరలుగా వస్తుంది. ఒక తెర మరోదానికి అడ్డుపడకుండా ఉండాలంటే నాలుగు గొట్టాల పొడవూ ఒకేలా ఉండాలి. రెండు ద్వారాలున్న టర్బో అయితే 1, 4 సిలిండర్లను ఒక జతగా, 2, 3 సిలిండర్లను మరో జతగా కలుపుతారు. అలాగని గొట్టాల్ని ఇష్టమొచ్చినంత పొడవుగా పెంచితే పొగ దారిలోనే చల్లబడి, టర్బో ఆలస్యంగా అందుకుంటుంది. ఆ నడిమి లెక్క కుదర్చడంలోనే ఉంది నేర్పంతా.

గిన్నెల స్టీలే...

హెడర్లకు ఎక్కువగా వాడేది 304 రకం స్టెయిన్‌లెస్‌ స్టీలు. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్‌ ఉంటాయి. మేలురకం వంటగిన్నెలు చేసేదీ దీంతోనే. ఈ లోహం కథ మొదలైందీ వేడి పొగతోనే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ 1913లో క్రోమియం కలిపిన తుప్పు పట్టని ఉక్కును తయారుచేశాడు.

అయితే 304కు ఓ బలహీనత ఉంది. సుమారు 425 నుంచి 850 డిగ్రీల సెల్సియస్‌ వేడిలో ఎక్కువసేపు ఉంటే అందులోని కార్బన్‌, క్రోమియంతో జట్టుకడుతుంది. స్టీలును కాపాడాల్సిన క్రోమియం అక్కడ కరవైపోతుంది. టర్బో పెట్రోలు కార్లలో పొగ వేడి 900 డిగ్రీలు దాటడమూ ఉంది. అందుకే ఎక్కువ కాలం మన్నాలంటే టైటానియం కలిపిన 321 రకం వాడతారు. అందులోని టైటానియం ముందే కార్బన్‌ను పట్టేసుకుంటుంది. ఫార్ములా వన్‌ లాంటి చోట్ల నికెల్‌ ఎక్కువగా ఉండే ఇన్‌కొనెల్‌ వాడతారు. దాని ధర అందరికీ అందేది కాదు.

ముక్కలు కోసి, మలుపులు కలిపి

ముందుగా టర్బో ఎక్కడ కూర్చోవాలో చూసుకుని, స్టాండు మీద దాన్ని అక్కడే నిలబెడతారు. స్టీరింగ్‌ రాడ్డుకు, బ్రేకు పైపులకు, బానెట్‌కు వేడి తగలకుండా దారి వెతకాలి. మార్కెట్లో దొరికే వంపు ముక్కల్ని కావాల్సిన కోణంలో కోసి, ఒకదానికొకటి చేరుస్తూ పోతారు. వీటి గోడ మందం తరచూ 2.77 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండు అంచుల మధ్య వెలుతురు కూడా దూరకూడదు. సందు ఉంటే అతుకు సరిగ్గా పడదు. అన్నీ కుదిరాకే అక్కడక్కడా చుక్కలు పెట్టి, తర్వాత పూర్తి వెల్డింగ్‌ చేస్తారు.

మన షాపుల్లో ఆర్గాన్‌ వెల్డింగ్‌ అనే పద్ధతే ఇక్కడ వాడేది. టార్చి నుంచి వచ్చే ఆర్గాన్‌ వాయువు కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపలా కాస్తుంది. మరి గొట్టం లోపలి వైపు? అక్కడ గాలి ఉంటే స్టీలు పొంగి, నల్లగా మాడిన పంచదారలా గరుకుగా గడ్డకడుతుంది. పైకి మాత్రం అతుకు బంగారు రంగులో మెరుస్తుంటుంది. పైన పటారం, లోన లొటారం! ఆ గరుకు దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. అందులోంచి చిన్న పెళ్ల ఊడిపడినా, నిమిషానికి లక్షసార్లకు పైగా తిరిగే టర్బైన్‌ రెక్కల్ని తాకిందంటే టర్బో పనైపోయినట్టే. అందుకే గొట్టం రెండు చివర్లూ మూసి, కింది నుంచి ఆర్గాన్‌ నింపుతారు. అది గాలికన్నా బరువు. కింద చేరి, గాలిని పై రంధ్రం గుండా నెట్టేస్తుంది. అదనంగా సిలిండర్‌ గ్యాసు ఖర్చవుతుంది. హెడర్‌ ఆయుష్షు నిలబడేది మాత్రం దానివల్లే.

సాగనివ్వాలి

వేడెక్కితే స్టీలు సాగుతుంది. అర మీటరు 304 గొట్టం 800 డిగ్రీల మేర వేడెక్కితే సుమారు ఏడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అది బిగిసి ఉన్న సిలిండర్‌ హెడ్‌కు నీళ్ల చల్లదనం ఉంటుంది కాబట్టి అంతగా సాగదు. కదలడానికి చోటు లేకపోతే గొట్టం ఏదో ఒక అతుకు దగ్గర చీలుతుంది. దానికి విరుగుడుగా బోల్టు రంధ్రాల్ని కాస్త పెద్దవిగా ఉంచుతారు. ఫ్లాంజ్‌ను సిలిండర్‌కూ సిలిండర్‌కూ మధ్య కోసి వదిలేసేవాళ్లూ ఉన్నారు. టర్బో బరువంతా గొట్టాల మీద వేలాడకుండా విడిగా ఆసరా పెడతారు. వెల్డింగ్‌ వేడికి ఫ్లాంజ్‌ వంగకుండా మందపాటి పలకకు బిగించి పనిచేస్తారు. చివర్లో దాని ముఖాన్ని మిషన్‌ మీద చదును చేయిస్తారు.

ఊపిరి జాగ్రత్త

ఈ పనిలో ప్రాణం మీదికి తెచ్చే తప్పులూ ఉన్నాయి. జిడ్డు తుడవడానికి క్లోరిన్‌ ఉన్న బ్రేక్‌ క్లీనర్‌ వాడి, ఆరీఆరకముందే వెల్డింగ్‌ చేస్తే ఫాస్జీన్‌ పుట్టే ప్రమాదముంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద ప్రయోగించిన విషవాయువది. తుడవడానికి అసిటోన్‌ వాడి, పూర్తిగా ఆరనివ్వాలి. స్టెయిన్‌లెస్‌ స్టీలు వెల్డింగ్‌ పొగలో క్యాన్సర్‌ కారకమైన హెక్సావాలెంట్‌ క్రోమియం ఉంటుంది. కాబట్టి మాస్కు, పొగను లాగేసే ఫ్యాను తప్పనిసరి. తలుపులు మూసిన గదిలో ఆర్గాన్‌ నిండితే ఊపిరాడదు.

రోడ్డు మీద తిరిగే కార్లకైతే చట్టమూ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం ఆర్సీలోని తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళకు చెందిన కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చిచెప్పింది. ఇలాంటి హెడర్ల సరదా ట్రాక్‌కే పరిమితం చేసుకోవడం మేలు.

హెడర్‌ కొనేవాళ్లు ముందు చూసేది ఒంపుల అందాన్ని, అతుకుల మెరుపుని. పనితెలిసినవాళ్లు మాత్రం దాన్ని ఎత్తి పట్టుకుని, టార్చిలైటు వేసి గొట్టం లోపలికి చూస్తారు. అక్కడ నునుపుగా ఉంటేనే డబ్బు తీస్తారు!