కుక్కకు 18 గోళ్లు... అన్నీ చూస్తున్నారా?

"కుక్కకు గోళ్లు తీసుడేంది వదినా, చోద్యం కాకపోతే!" అని మా ఆడపడుచు నవ్వింది. మా ఝరాసంగంలో ఎవరైనా అలాగే నవ్వుతారు. మా అత్తగారి కాలంలో ఆ అవసరమే రాలేదు మరి. పొద్దున్నే మనుషుల వెంట చెరకు తోటకు పోయి, ఎర్రమట్టిలో, రాళ్లలో తిరిగే కుక్కకు గోళ్లు వాటంతటవే అరిగిపోయేవి. మా మోతీకి వయసు పైబడింది. రోజంతా నున్నటి తాండూరు బండల మీదే పడక. గోళ్లు పెరగడమే గానీ అరగడం లేదు.

కిందటి వానాకాలంలో మోతీ ముందు కాలు ఎత్తి కుంటడం మొదలుపెట్టింది. ముల్లేమోనని అరికాలు వెతికితే ఏమీ లేదు. ముసలితనపు నొప్పులనుకుని ఊరుకున్నాను. రాత్రిళ్లు అదే పనిగా కాలు నాకుతుంటే కసిరాను కూడా. చివరికి వాసన వచ్చి వెంట్రుకలు తప్పించి చూద్దును కదా, కాలి లోపలి వైపు కాస్త పైనుండే గోరు ఉంగరంలా చుట్టుకుని కండలోకి దిగిపోయింది! చీము పట్టింది. పశువుల డాక్టరుగారు గోరు కత్తిరించి, బయటికి తీసి, పుండు కడిగి మందులిచ్చారు. నోరులేని జీవి తన బాధ చెబుతూనే ఉంది, నాకే అర్థం కాలేదని కళ్ల నీళ్లు తిరిగాయి.

సాధారణంగా కుక్కకు ముందు కాళ్లకు అయిదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం 18 గోళ్లుంటాయి. ముందు కాలి అయిదో గోరు మన బొటనవేలి గోరు లాంటిది. నేలకు ఆనదు కాబట్టి అరగదు. కొన్నింటికి వెనక కాళ్లకూ అలాంటిది ఉంటుంది. అందుకే వారానికోసారి లెక్కపెట్టి మరీ చూడండి.

ఎలా కత్తిరించాలి?

నిలబడినప్పుడు గోళ్లు నేలకు తగులుతున్నా, బండల మీద నడిస్తే టకటక చప్పుడు వస్తున్నా కత్తిరించే వేళయిందన్న మాట. కుక్కల కోసం అమ్మే కట్టరే వాడండి. మన నెయిల్ కట్టరుతో గోరు చీలుతుంది. గోటి లోపల రక్తనాళం, నరం ఉంటాయి. తెల్ల గోళ్లలో అది గులాబీ రంగులో కనిపిస్తుంది. దానికి కాస్త ముందే ఆపాలి. నల్ల గోళ్లలో కనబడదు కనుక కొసను సన్నసన్నగా తీస్తూ, కోసిన చోట మధ్యలో ముదురు చుక్క కనబడగానే ఆపేయాలి. బాగా పెరిగిన గోళ్లను ఒక్కరోజే పొట్టి చేయాలని చూడకండి. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో 5 నిమిషాలు ఒత్తి పట్టుకోండి. అయినా ఆగకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* ఒకే కాలిని మాటిమాటికీ నాకడం, కుంటడం
* గోటి చుట్టూ వాపు, చీము, చెడు వాసన
* గోరు చీలి వేలాడటం
* ఒకదాని తర్వాత ఒకటిగా గోళ్లు ఊడిపోవడం
* ఒక వేలు వాచి ఎంతకీ తగ్గకపోవడం (ముసలి కుక్కల్లో ఇది కంతి కావచ్చు)

పసుపు పెట్టి ఊరుకోకండి. మనం వేసుకునే నొప్పి మాత్రలు అసలే వేయకండి, అవి కుక్క ప్రాణానికే ముప్పు. గోళ్లు తీసేటప్పుడు అది కరిచినా, గీరినా ఆ చోటును సబ్బు పెట్టి నీటి ధార కింద 15 నిమిషాలు కడిగి, దవాఖానకు వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగండి. కుక్కకూ ఏటా టీకా వేయించండి.

ఇప్పుడు ప్రతి సోమవారం కేతకీ సంగమేశ్వరుని గుడికి వెళ్లొచ్చాక మోతీ కాళ్లు ఒళ్లో పెట్టుకుని చూస్తాను. నవ్విన ఆడపడుచే మొన్న పక్కన కూర్చుని "పదిహేడు... పద్దెనిమిది" అని లెక్కపెట్టింది!