గిడ్డంగి షట్టరు ఎన్ని క్వింటాళ్ల గాలికి ఆగుతుంది?
తుపానుల రుతువులో కొబ్బరి వర్తకులు వేసుకోవలసిన లెక్క

అంబాజీపేట: తయారీ కొబ్బరి ధర క్వింటాకు వంద రూపాయలు పెరిగితే, తగ్గితే ఈ మార్కెట్టులో సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. గండేర, గటగట, పాత కాయ, ముక్కుడు కాయ ధరలు వర్తకులకు కంఠోపాఠం. కాని ఆ సరుకంతా కాపాడుతున్న గిడ్డంగి షట్టరు ఎంత గాలికి నిలుస్తుందని అడిగితే జవాబు చెప్పగలిగినవారు తక్కువ. షట్టరు కొనేటప్పుడు రేటు అడుగుతాము, రంగు అడుగుతాము, తాళం ఎటువైపు ఉండాలో చెబుతాము. గాలి మాట సాధారణంగా రాదు.

రావలసిన అవసరం కోనసీమలో ఉన్నంతగా మరెక్కడా లేదనవచ్చు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణాన సుమారు 50 కి.మీ. దూరంలో తీరం దాటిన తుపాను ఈ సీమలో వెయ్యి మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. కొబ్బరి తోటలు వేల ఎకరాలలో నేలకూలాయి. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన వద్ద తీరాన్ని తాకింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపాన తీరం దాటింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. దసరా, దీపావళి, కార్తీక మాసాల గిరాకీకి ఉత్తరాది రాష్ట్రాలకు సరుకు కదిలే కాలమూ అదే. అంటే అటకల మీద కురిడీ, గిడ్డంగిలో బస్తాలు నిండుగా ఉన్నప్పుడే గాలివాన ముప్పు కూడా ఎక్కువ.

గాలి బరువు

గాలి ఒత్తిడిని కిలోలలో చెప్పుకుంటే వర్తకులకు సులభంగా బోధపడుతుంది. కట్టడాలపై గాలి భారానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 875 మూడవ భాగంలో లెక్క ఇచ్చింది. కోనసీమతో సహా మన కోస్తా తీరానికి నిర్ణయించిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కి.మీ. ఇది కొద్ది సెకన్లపాటు విసిరే ఉధృతపు గాలి వేగం. ఆ వేగంలో చదరపు మీటరుకు పడే ఒత్తిడి సుమారు 153 కిలోలు.

పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల షట్టరు విస్తీర్ణం 11 చదరపు మీటర్ల పైచిలుకు. దానిపై పడే భారం దాదాపు 17 క్వింటాళ్లు. పదిహేడు క్వింటాళ్ల కొబ్బరిని ఆ పలుచని రేకు మీద ఒకేసారి ఆనించినట్లు ఊహించుకుంటే సరిపోతుంది. గాలి విసురుకొకసారి ఆ బరువు పడుతూ, లేస్తూ గంటల తరబడి సాగుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటి ఉన్నది. “మొంథాకు కదలలేదు గనుక మా షట్టరు గట్టిదే” అనుకోవడం సరికాదు. మొంథా తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 90 నుంచి 100 కి.మీ., ఉధృతంలో 110 కి.మీ. అని వాతావరణ శాఖ తెలిపింది. గాలి వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఆ సూత్రం ప్రకారం 110 కి.మీ. గాలిలో పైన చెప్పిన షట్టరుపై పడే భారం ఆరున్నర క్వింటాళ్లకు మించదు. అసలు పరీక్ష 17 క్వింటాళ్లు. ఆరున్నరకు నిలిచిన షట్టరు పదిహేడుకు నిలుస్తుందన్న హామీ ఏమీ లేదు.

షట్టరు పోతే కప్పు పోతుంది

షట్టరు ఊడితే కొన్ని బస్తాలు తడుస్తాయి, అంతే గదా అన్న ధోరణి కూడా ప్రమాదకరమే. గాలి గిడ్డంగిపైన వీచేటప్పుడు కప్పును బయటినుంచి పైకి లాగుతుంది. తలుపులు మూసి ఉన్నంతవరకు లోపలి ఒత్తిడి స్వల్పం. షట్టరు లోపలికి విరిగితే గాలి గిడ్డంగిలో నిండి, కప్పును కిందినుంచి కూడా తోస్తుంది. పైన లాగే శక్తి, కింద తోసే శక్తి రెండూ కలుస్తాయి.

ఇదే ప్రమాణ పత్రంలో గోడలో ద్వారాలు తక్కువగా ఉన్న కట్టడానికి లోపలి ఒత్తిడి గుణకం 0.2. గోడలో ఐదవ వంతుకు పైగా తెరుచుకుంటే అది 0.7. కప్పుపై బయటి లాగుడు 0.8 అనుకుంటే, షట్టరు ఉన్నప్పుడు మొత్తం 1.0, షట్టరు పోయాక 1.5. అంటే కప్పు మీద భారం ఒక్కసారిగా ఒకటిన్నర రెట్లవుతుంది. చదరపు మీటరుకు 150 కిలోల లాగుడు కాస్తా 230 కిలోలకు చేరుతుంది. ఇనుప రేకుల బరువు అందులో ఏ మూలకూ రాదు. కొక్కేలు, బోల్టులే ఆపాలి.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను వచ్చినప్పుడు పరిశీలకులు తేల్చిన ముఖ్య విషయాలలో ఇది ఒకటి. కార్ల షెడ్ల వెడల్పాటి తలుపులు ముందు లోపలికి పోయాయి, ఆ తరువాత ఇళ్ల కప్పులు లేచాయి. అటు తరువాత మయామీ ప్రాంతంలో తలుపులను పరీక్షించి ఆమోదించిన తరువాతనే బిగించాలన్న నిబంధన కట్టుదిట్టమయింది. నాలుగు కిలోల బరువుగల కలప దుంగను సెకనుకు 15 మీటర్ల వేగంతో తలుపుకు కొట్టి చూడడం అక్కడి పరీక్షలలో ఒక భాగం. మన వద్ద కలప దుంగలకు బదులు కొబ్బరి మట్టలు, గెలలు, పక్క షెడ్డు రేకులు ఎగిరి వస్తాయి. మన రాష్ట్రంలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయం కప్పును చీల్చిన సంగతి కూడా పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

వెడల్పు తగ్గితే బలం పెరుగుతుంది

షట్టరు ఎంపికలో మొదటి నిర్ణయం రేకు మందం కాదు, ద్వారం వెడల్పు. ఎనిమిది అడుగుల షట్టరుతో పోలిస్తే పన్నెండు అడుగుల షట్టరు పట్టీపై వంచే శక్తి రెండుంబావు రెట్లు. అదే పట్టీ అదే గాలికి వంగే వంపు సుమారు ఐదు రెట్లు. వంపు ఎక్కువైతే పట్టీ కొసలు గాడిలోనుంచి జారి బయటపడతాయి. షట్టరు సాధారణంగా పోయే తీరు ఇదే: రేకు చిరగడం తక్కువ, గాడి తప్పడం ఎక్కువ.

లారీ వెనుకకు గిడ్డంగిలోకి రావాలన్న ఉద్దేశంతో పెద్ద ద్వారాలు పెట్టడం పరిపాటి అయింది. అయితే బస్తాలను జట్టు కూలీలే మోసి లారీకి ఎక్కించే చోట ఎనిమిదడుగుల ద్వారం చాలు. పెద్ద ద్వారం తప్పనిసరి అయితే ఒకే షట్టరుకు బదులు మధ్యలో పిల్లరు కట్టి రెండు షట్టర్లు వేయడం మేలు. పాత షట్టరును మార్చలేనివారు లోపలివైపు మధ్యలో ఊడదీసే ఇనుప నిలువు స్తంభం పెట్టుకోవచ్చు. కింద నేలలో గుంట, పైన దూలానికి పట్టు ఉంటే, తుపాను హెచ్చరిక రాగానే దానిని నిలిపి పిన్ను దిగవేస్తే సరి. పన్నెండడుగుల షట్టరు ఆ రాత్రికి రెండు ఆరడుగుల షట్టర్లుగా పనిచేస్తుంది. లోపలికి తోసే గాలికి స్తంభం ఆనికగా ఉంటుంది. బయటికి లాగే గాలికి కూడా నిలవాలంటే పట్టీలను స్తంభానికి పట్టి ఉంచే కొక్కేలు అవసరం.

గాడి, బోల్టు, గోడ

ఇనుప చుట్టు షట్టర్లకు ఐ.ఎస్. 6248 అనే ప్రమాణం ఉన్నది. మూడున్నర మీటర్ల వెడల్పు వరకు పట్టీ రేకు మందం 0.90 మి.మీ. ఉండాలి, అది దాటితే మరింత మందం కావాలి. గాడి లోతు మూడున్నర మీటర్ల వరకు 65 మి.మీ., ఆపైన 75 మి.మీ. గాడిని గోడకు పట్టి ఉంచే బిగింపుల మధ్య దూరం 75 సెం.మీ. మించరాదు. చవక షట్టరులో ముందుగా తగ్గించేది ఈ మూడింటినే: రేకు పలుచన, గాడి లోతు తక్కువ, బిగింపులు పైన ఒకటి కింద ఒకటి. కొనేవారు మందం కొలిచే పరికరంతో పట్టీని, టేపుతో గాడిని తామే కొలిచి చూసుకోవచ్చు.

గాలి ఎక్కువగా ఉండే తీరాలకు పట్టీ కొసలకు కొక్కేలు అమర్చి, అవి గాడి లోపలి అంచును పట్టుకునేలా తయారుచేసిన షట్టర్లు దొరుకుతాయి. ఇవి గాడి తప్పవు. అయితే ఒక చిక్కు ఉన్నది. కొసలు పట్టుకున్న పట్టీ గాలికి బిగిసిన తాడువలె పనిచేస్తుంది. పన్నెండడుగుల షట్టరు మధ్యలో అడుగు మేర వంగినప్పుడు అది రెండు వైపుల గాడులను ద్వారం మధ్యకు లాగే శక్తి, గాలి నేరుగా గాడిపై మోపే భారానికి మూడు రెట్ల వరకు ఉంటుంది. మట్టి లేక సున్నంతో కట్టిన పాత ఇటుక గోడకు నాలుగు మేకులు కొట్టి ఇటువంటి షట్టరు బిగిస్తే షట్టరు మిగిలి గోడ అంచు ఊడి వస్తుంది. కావున కొక్కేల షట్టరు కొనేవారు ద్వారానికి ఇరువైపుల ఇనుప కడ్డీలతో కూడిన కాంక్రీటు పిల్లర్లు ఉండేలా చూడాలి. పిల్లరు పోసేటప్పుడే గాడి బిగింపులను అందులో పాతడం అన్నిటికంటే ఉత్తమం.

తీరానికి 60 కి.మీ. లోపల ఉన్న పరిశ్రమల కట్టడాలకు 2015లో సవరించిన గాలి ప్రమాణం వేగాన్ని 1.15 రెట్లుగా తీసుకోమంటున్నది. అంబాజీపేట ఆ పట్టీలోనే ఉన్నది. నూనె మిల్లులు, పీచు మిల్లులు కడుతున్నవారు తమ ఇంజనీరును ఈ లెక్క అడగాలి. దీని ప్రకారం ఒత్తిడి చదరపు మీటరుకు 153 నుంచి 200 కిలోల వరకు పెరుగుతుంది.

పాత కాలపు దళసరి టేకు రెక్కల తలుపులు తీసివేసి షట్టరు పెట్టాలా అన్నది మరొక ప్రశ్న. చెక్క పుచ్చిపోకుండా, బందులు గట్టిగా ఉండి, లోపల అడ్డ కమ్మీ పడే ఏర్పాటు ఉంటే ఆ తలుపు చవక షట్టరు కంటే నమ్మదగినది. మోటారు షట్టర్లు పెట్టుకునేవారు చేతితో తిప్పే ఏర్పాటు తప్పక అడగాలి. తుపాను రోజులలో కరెంటు రోజుల తరబడి రాకపోవచ్చు.

ఉప్పు గాలి మరో శత్రువు. షట్టరు అడుగు పట్టీ, గాడి కింది అడుగు భాగం ముందుగా తుప్పు పడతాయి. గాలికి పట్టు కావలసింది కూడా అక్కడే. జింకు పూత రేకు కొనడం, ఏటా వర్షాకాలానికి ముందు గాడి శుభ్రం చేసి రంగు వేయించడం, అడుగు పట్టీకి రెండు వైపుల నేలలోకి దిగే గడియలు పెట్టించడం ఖర్చు తక్కువ పనులు.

ఖర్చు, లాభం

నాఫెడ్ కొనుగోళ్ల నాణ్యతా ప్రమాణంలో మిల్లు కొబ్బరికి తేమ 6 శాతం, కురిడీకి 7 శాతం పరిమితి. ఒక్క రాత్రి జల్లు కొట్టిన సరుకు ఆ పరిమితిలో ఉండదు. బూజు పడితే మొదటి రకం రెండవ రకమవుతుంది. ఉదాహరణకు 100 క్వింటాళ్లు తడిసి, రెండు రకాల మధ్య తేడా క్వింటాకు వెయ్యి రూపాయలే అనుకున్నా నష్టం లక్ష రూపాయలు. మరల ఎండబెట్టే కూలి, తగ్గిన తూకం దీనికి అదనం. రెండు కాంక్రీటు పిల్లర్లు, ఒక ఇనుప స్తంభం, పది బిగింపుల ఖర్చును ఆ మొత్తంతో పోల్చి చూసుకుంటే నిర్ణయం కష్టం కాదు.

బీమా ఉన్నది గదా అనేవారు తమ పాలసీని ఒకసారి తిరిగి చదవాలి. అగ్ని బీమాలో తుపాను, వరదల రక్షణను వదులుకుని ప్రీమియం తగ్గించుకున్న పాలసీలు ఉంటాయి. 2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాలకు వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ 5 కోట్ల రూపాయల వరకు ఆస్తికి వర్తిస్తుంది. ఏ పాలసీ అయినా తుపాను రక్షణ ఉన్నదా, బీమా మొత్తం సీజను నిల్వలకు సరిపోతుందా అన్నది చూసుకోవాలి. నిల్వ కంటే తక్కువకు బీమా చేస్తే పరిహారం కూడా ఆ నిష్పత్తిలో తగ్గవచ్చు.

హెచ్చరిక వచ్చిన రోజున

షట్టరుకు బలమని బస్తాలను దానికి ఆనించి పేర్చడం కొందరి అలవాటు. దీనివల్ల మేలు లేదు. షట్టరు లోపలికి వంగుతుంది, పట్టీల సందులలోనుంచి నీరు చిమ్ముతుంది, మొదటి వరుస తడుస్తుంది. కనీసం రెండడుగులు ఎడం వదిలి, చెక్కబల్లల మీద సరుకు పేర్చాలి. షట్టరు అడుగున బయటివైపు ఇసుక బస్తాలు వేయాలి. గడియలన్నీ దింపి, మధ్య స్తంభం నిలిపి, గిడ్డంగి చుట్టూ పడి ఉన్న రేకులు, మట్టలు తీసివేయించాలి. గాలి మొదలయిన తరువాత చూసి వద్దామని షట్టరు ఎత్తరాదు. సరుకు కోసం మనిషిని రాత్రి కాపలాగా లోపల పడుకోబెట్టడం అసలే కూడదు.

షట్టరు ఆర్డరు ఇచ్చే వర్తకులు తయారీదారును అయిదు ప్రశ్నలు అడిగి, జవాబులు బిల్లు మీద రాయించుకోవాలి: పట్టీ మందం ఎంత? గాడి లోతు ఎంత? కొసలకు కొక్కేలు ఉన్నవా? బిగింపులు ఎంత దూరానికి ఒకటి, ఎటువంటి గోడకు? చదరపు మీటరుకు ఎన్ని కిలోల గాలి ఒత్తిడికి తయారయింది? చివరి ప్రశ్నకు జవాబు 150 కిలోల కంటే తక్కువైతే, లేక జవాబే రాకపోతే, ఆ షట్టరు కోనసీమ గిడ్డంగికి తగినది కాదు. తుపానుల కాలం మొదలయిన తరువాత వెల్డర్లు, మేస్త్రీలు దొరకడం కష్టం గనుక ఈ పనులు వేసవిలోనే ముగించుకోవడం మంచిది.