పరులకై గీయు చిత్రము



నేను రూపకల్పనా విద్యను అభ్యసించుచున్న విద్యార్థిని. సెలవులకు గ్రామమునకు బోయినప్పుడెల్ల మా తాతగారు నన్నొక్క ప్రశ్న వేయుచుందురు. "బొమ్మలు గీయుట కొక చదువేలరా? అది కూడు పెట్టునా?" నాకు తోచిన సమాధానమును నేడు మీకును మనవి చేసెదను.

చిత్రకారునకును రూపకల్పకునకును ఒక భేదము కలదు. చిత్రకారుడు తన మనస్సునకు తోచినదానిని చిత్రించును, మెచ్చినవారు కొందురు. రూపకల్పకుడు ఇతరుల అవసరమును తీర్చుటకై గీయును. మందుసీసాపై చీటి, పాఠ్యపుస్తకపు అట్ట, విత్తనపు సంచిపై గుర్తు, ఇవన్నియు వాని పనులే. ఇది క్రొత్త వృత్తి కాదు. వడ్రంగి ద్వారబంధము చేయుటకు ముందు గోడ కొలత తీయును. కంసాలి నగ చేయుటకు ముందు పెండ్లివారి మాట వినును. పని యిచ్చినవాని కోరికయు, పనివాని నేర్పును కలసినగాని వస్తువు కుదురదు.

ఇందుకు మన ప్రాంతముననే గొప్ప నిదర్శన మున్నది. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన శ్రీ పింగళి వెంకయ్యగారు అన్యదేశముల పతాకములను పరిశీలించి, మన దేశమునకు తగిన నమూనాలతో 1916లో ఒక పుస్తకమును ప్రకటించిరి. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు గాంధీమహాత్ముడు వారిని పిలిచి, ఎఱుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నముగల పతాకమును గీసి యిమ్మనిరి. రాట్న ముండవలెనను సూచన జలంధరువాసి లాలా హంసరాజుగారిది. వెంకయ్యగారు మూడు గంటలలో నమూనాను సిద్ధపఱచిరి. అయినను అది సభ ముందుంచుటకు కొంచె మాలస్యమైనది. ఆ యాలస్యమే మేలయ్యెను. గాంధీజీ మఱల నాలోచించి, తక్కిన మతములవారికి గుర్తుగా తెలుపును గూడ చేర్చవలెననిరి. 1931లో ఎఱుపునకు బదులు కాషాయము వచ్చెను. 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగ సభ రాట్నమునకు మాఱుగా ధర్మచక్రము నుంచి పతాకమును ఆమోదించెను.

ఇందు నేను గ్రహించినవి రెండు. మూడు గంటల పని వెనుక ఏండ్ల తరబడి చేసిన పరిశీలన యున్నది. మఱియు పదిమందికై చేసిన వస్తువు పదిమంది చేతులలో మాఱును. అంతమాత్రమున మొదట గీసినవాని గౌరవము తగ్గదు.

ఈ రెండవ పాఠమును నేను కష్టముమీద నేర్చుకొంటిని. ఒక విత్తనముల వర్తకుడు వరివిత్తనపు సంచికి బొమ్మ గీయుమని నన్ను కోరెను. నేను సన్నని యక్షరములతో, లేత రంగులతో మిక్కిలి ముచ్చటగా గీసితిని. ఆయన చూచి, "అక్షరములు పెద్దవి చేయుము" అనెను. నాకు కోపము వచ్చెను. ఈయనకు కళ తెలియదని ఆ రాత్రి నా పుస్తకములో వ్రాసికొంటిని.

ఆ పుస్తకమును గూర్చి ఒక మాట చెప్పవలెను. గీసినది, చెడినది, ఎందుచేత చెడినది, ఎవరేమనిరి అనునవి ప్రతిదినమును అందు వ్రాయుట నాకలవాటు. గృహస్థుడు జమాఖర్చు వ్రాసికొనుట వంటిదే యిది. మఱునాడు దానిని తిరుగవేయగా, వర్తకుని తప్పులు పెక్కు కనబడినవి గాని, ఆయన అంగడిని నేను చూచినట్లు ఒక్క పంక్తియైనను లేదు! సిగ్గుపడి వెళ్ళి, ఒక పూట అక్కడ కూర్చుంటిని. సంచులు ఒకదానిపై నొకటి పేర్చబడియున్నవి. నా బొమ్మ ఉండవలసిన ముఖభాగము పూర్తిగా మరుగుపడుచున్నది. సంచి అడుగు మాత్రమే బయటికి కనబడుచున్నది. సందెవేళ వచ్చిన రైతు గుమ్మమునుండియే రకమును గుర్తింపవలెను. అప్పుడు విత్తనపు పేరును పెద్ద యక్షరములతో అడుగుభాగమునకు మార్చితిని.

అయితే వర్తకుని ప్రతి మాటకును తల యూపితినని తలపకుడు. పేరుమోసిన మఱియొకరి గుర్తును పోలునట్లు గీయుమని ఆయన కోరగా, నే నొప్పుకొనలేదు. "రైతు మోసపోయి ఒకటికి బదులు మఱియొకటి చల్లినచో, వానికి పోవునది సంచి వెల కాదు, ఒక పంటకాలము" అంటిని. ఆయన కొంతసేపు మిన్నకుండి, "వేఱుగనే గీయుము" అనెను. అక్షరముల పరిమాణము వర్తకు డెఱుగును. అందు నేను వినవలెను. చూచువానిని వంచింపకుండుట నా ధర్మము. అందు నేను నిలువవలెను. ఈ రెంటికిని గల భేదమును తెలిసికొనుటయే మా చదువులోని కఠినమైన భాగము.

మీరును పాఠశాలకు పేరుపలకయో, ఉత్సవమునకు ఆహ్వానపత్రికయో వ్రాయింతురు. అప్పుడు "ఈ రంగు వేయుము" అని మొదలిడక, అది ఎవరు చూతురో, ఎంతదూరమునుండి చూతురో, చూచి యేమి చేయవలెనో చెప్పుడు. తక్కినది పనివానికి వదలుడు.

మా తాతగారికి ఆ సంచిని చూపితిని. ఆయన కండ్లద్దములు పెట్టుకొనకయే దానిపై పేరును చదివిరి. "సరే, పని కుదిరినది" అనిరి. నాకు అంతకన్న మెప్పు వేఱొకటి అక్కఱలేకపోయెను.